చివరి లేత్ మీద చక్ కీ

"సార్, రేపు మధ్యాహ్నం స్కూలు కమిటీ కూర్చుంటుంది. ఆలోపు నిజం బయటపడకపోతే నలుగురు ఆడపిల్లల్ని వర్క్‌షాపు నుంచి తీసేస్తారు. వాళ్ళ వెనకే నన్నూ పంపేస్తారు."

ఇంత మాటా ఒక్క ఊపిరిలో చెప్పేసి ఫర్హానా కుర్చీ అంచున కూర్చుంది. గొడుగు మడవడం కూడా మరిచిపోయింది. అది 1998 ఆగస్టు. బెంగళూరు యశ్వంతపురంలో సైకిల్ షాపు పైన ఉన్న చిన్న గదిలో డిటెక్టివ్ దేవదానం ఆఫీసు. దేవదానం యాభై దాటిన మనిషి, ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే అడ్డు రాడు. అడ్డు రాకుండా ఉండలేనివాడు ఆయన అసిస్టెంటు లలిత్. గుంటూరు నుంచి కంప్యూటర్ కోర్సుకని వచ్చి, కోర్సు వదిలేసి, దేవదానాన్ని పట్టుకున్నాడు. లోకంలో తెలివి అంటూ ఉంటే అది మా సారుదే, ఆ తర్వాత నాది అన్నది లలిత్ నమ్మకం.

ఫర్హానా పీణ్యలోని ప్రభుత్వ టెక్నికల్ హైస్కూల్లో వర్క్‌షాపు ఇన్‌చార్జి. కిందటేడే ఆ బడి మొదటిసారిగా ఆడపిల్లలకి లేత్ పని నేర్పడం మొదలుపెట్టింది. చేరిన నలుగురిలో హరిణి అనే పిల్ల మొన్న జిల్లా పోటీల్లో మగపిల్లలందరినీ దాటి మొదటి బహుమతి కప్పు కొట్టుకొచ్చింది.

"లేత్‌లో ఇనప కడ్డీని పట్టుకుని తిరిగే గుండ్రటి తలని చక్ అంటాం సార్. దాని చుట్టూ రంధ్రాలుంటాయి. వాటిలో పెట్టి బిగించే పిడి పేరు చక్ కీ. బిగించగానే కీ తీసెయ్యాలి. తియ్యకుండా స్విచ్ వేస్తే కీ విసురుగా ఎగిరిపోతుంది, ప్రాణం తీసినా తీస్తుంది. సోమవారం భోజనాల తర్వాత హరిణి స్విచ్ వేసింది. కీ ఎగిరి, గోడకి కొట్టుకుని, తిరిగొచ్చి ఆమె మణికట్టు విరగ్గొట్టింది. ఆడపిల్లలకి మిషన్ల దగ్గర ధ్యాస ఉండదు, నలుగురినీ కుట్టుపనికి మార్చేద్దాం అని హెడ్మాస్టరుగారు అక్కడే తేల్చేశారు."

"మగపిల్లలెవరికీ దెబ్బలు తగల్లేదా అమ్మా?"

"కిందటేడు ఒకబ్బాయికి వేలే పోయింది సార్. దానికి మగపిల్లలందరినీ కుట్టుపనికి పంపలేదు."

దేవదానం తల ఊపాడు. "బడిలో మీ పక్షాన ఎవరూ లేరా?"

"డ్రాయింగ్ మాస్టారు వీరభద్రంగారు ఒక్కరే. గొడవ పెంచుకోకమ్మా, పిల్లల్ని కుట్టుకి పంపేసి నీ ఉద్యోగం కాపాడుకో అని ఆయన సలహా. హరిణి మాత్రం కీ తీశానని ఒట్టేసి చెబుతోంది సార్. నేను నమ్ముతున్నాను."

మరునాడు పొద్దున్నే ముగ్గురూ బడికి చేరారు. చుట్టూ ఉన్న ఫ్యాక్టరీల రొదలో బడి గంట ఎవరికి వినపడుతుందో దేవుడికే తెలియాలి.

హెడ్మాస్టరు గురుమూర్తి ఫర్హానాని బయటే ఉండమని, బీరువా తాళం తీసి, గుడ్డలో చుట్టిన కీని బల్ల మీద పెట్టాడు. "సోమవారం నుంచి ఇది నా దగ్గరే ఉంది, ఇంకొకరి చెయ్యి పడలేదు. కళ్ళ ముందున్న వస్తువు కనపడలేదంటే ఏమనుకోవాలి? నాకూ కూతుళ్ళున్నారు. ఆడపిల్లల మేలు కోరే చెబుతున్నాను." మేలు కోరే మనుషులు ఎక్కువైతే ఆడపిల్లలకి నిలబడేందుకు చోటు మిగలదని ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు.

దేవదానం కీ అడిగి తీసుకుని లలిత్ ఒక్కడితో వర్క్‌షాపుకి వెళ్ళాడు. పొడవాటి రేకుల షెడ్డు. వరసగా నాలుగు పెద్ద లేత్‌లు, మూల ఒక చిన్న లేత్, దాని మెడలో 'రిపేరు' అని రాసిన అట్టముక్క. గుమ్మం పక్కన చెక్కకి ఐదు మేకులున్నాయి. మూడింటికి కీలు వేలాడుతున్నాయి, రెండు ఖాళీగా ఉన్నాయి. నాలుగో లేత్ హరిణిది. దాని వెనక గోడ మీద, నిలువెత్తుకి పైన, సున్నం పెచ్చులూడిపోయి కొత్త గుంట కనిపించింది. దేవదానం స్టూలెక్కి ఆ గుంటని వేలితో తడిమాడు. తర్వాత దిగి, తను తెచ్చిన కీని నాలుగో లేత్ చక్‌లో పెట్టి తిప్పాడు. పిడి తిరిగింది గానీ లోపల ఏదీ కదల్లేదు. ఆయన మూలనున్న చిన్న లేత్ దగ్గరికి వెళ్ళి అదే కీ పెట్టాడు. చక్ చక్కగా బిగిసింది.

"ఏంటి సార్?" అన్నాడు లలిత్.

"ముందు మనుషుల్ని అడుగుదాం."

పాత ఇన్‌స్ట్రక్టరు వెంకటేశ్వర్లు తాతల నాటి నుంచీ బెంగళూరు మనిషి. లోపలున్నది దాచుకునే అలవాటు లేనివాడు.

"నాకు ఇష్టం లేదప్పా, దాచేదేముండాది? ముప్పై ఏండ్లు ఈ షెడ్డులో నూనె మురికి పూసుకున్యాను. ఇన్‌చార్జి నాకు ఇస్తారనుకుంటే నిన్న వచ్చిన ఆ యమ్మకి ఇచ్చిరి. కడుపు మండదా? పైగా ఆ పాప కప్పు తెచ్చె, అందరూ ఆ యమ్మనే పొగిడిరి. రెండు దినాలు అన్నం సయించలే నాకు. అట్లని పాప చెయ్యి ఇరగాలని కోరుకునేటోన్ని కాదు."

"సోమవారం భోజనాలప్పుడు ఎక్కడున్నారు?"

"ఈ ముందు మెట్ల మీదే, ముద్ద తింటా ఉంటి. ఈ తలుపులో ఎవురూ పోలేదు. వెనక తలుపు డ్రాయింగ్ హాలు దిక్కు ఉండాది, అది నాకు కనపడదు."

"కీ ఎక్కడ మరిచిపోయి ఉంటుందంటారు?"

"ఇంగెక్కడ? చక్ నెత్తి మీద ఉండే రంధ్రంలో. ఎవురైనా పైనించే కదప్పా బిగించేది."

డ్రాయింగ్ మాస్టారు వీరభద్రం హాల్లోనే దొరికాడు. తెల్లటి ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన గొంతు. బోర్డు మీద లేత్ బొమ్మ అచ్చు వేసినట్టుంది. ముగ్గురికీ కాఫీ తెప్పించాడు.

"ఇన్‌చార్జి పోస్టుకి నేనూ దరఖాస్తు పెట్టానండీ. రాలేదు. నాకేం బాధ లేదు, ఫర్హానా సమర్థురాలు. నేను ఆ షెడ్డులో కాలు పెట్టి నెల దాటింది. సోమవారం కూడా కేక విని అందరితోపాటు గుమ్మం దాకా వెళ్ళి వచ్చేశాను, రక్తం చూడలేను. కానీ ఆ పిల్లని అందరూ తిడుతుంటే జాలేస్తుంది. చక్‌కి అవతలి వైపు, గోడ దిక్కున ఉన్న కీ ఇవతల నిలబడ్డ మనిషికి ఎలా కనపడుతుంది చెప్పండి?"

"నిజమే," అన్నాడు దేవదానం కాఫీ తాగుతూ. బడిలో ఇంత మంచి మనిషి ఒకడైనా ఉన్నాడని లలిత్ సంతోషించాడు.

హరిణి వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది, దగ్గర్లో ఫర్హానా నిలబడి ఉంది. పద్నాలుగేళ్ళ పిల్ల, కుడి చేతికి సిమెంటు కట్టు. బల్ల మీద సంచీ ఉంది. ఎడమ చెయ్యి దాని మీదే ఉంది.

"భోజనానికి పోకముందు కడ్డీ బిగించింది నువ్వేనా?"

"నేనే సార్. బిగించి కీ తీసేసినాను. తినొచ్చి స్విచ్ వేసినాను."

"తీసిన కీ మేకుకి తగిలించావా?"

హరిణి సంచీని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. లలిత్ దేవదానం చెవిలో గుసగుసలాడాడు. "సార్, షీ ఈజ్ హైడింగ్ సమ్‌థింగ్. నాకైతే డౌట్ ఈ పిల్ల మీదే."

దేవదానం వంగి మెల్లగా అడిగాడు. "నీ మిషను కీ ఆ సంచీలోనే ఉంది కదమ్మా?"

పిల్ల భోరున ఏడ్చింది. ఏడుస్తూనే సంచీలోంచి బరువైన చక్ కీ తీసింది. దాని మీద 'నాలుగు' అంకె చెక్కి ఉంది.

"దినమూ మగపిల్లలు నా కీ దాచిపెట్టేస్తా ఉండారు సార్. గంటసేపు వెతుక్కోవాల. ఆలోపల వాళ్ళ పని అయిపోతాది. అందుకని సంచీలో పెట్టుకుంటా ఉండాను. స్కూలు సామాను సంచీలో ఉందంటే దొంగ అంటారు కదా, అందుకే చెప్పలేదు. మేడంకి చెబితే, ఆడపిల్లలు ఊరికే ఏడుస్తా ఉంటారని అందరూ అంటారు."

ఫర్హానా ఆ పిల్ల పక్కన కూలబడింది. తన క్లాసులో, తన కళ్ళ ముందే ఇంత జరుగుతున్నా తెలుసుకోలేకపోయానన్న సిగ్గు ఆమె ముఖంలో కనిపించింది.

"దెబ్బ తిన్నా ధైర్యంగా చెప్పావు. గట్టిదానివి," అన్నాడు దేవదానం.

లలిత్‌కి ఒళ్ళు మండింది. మూడేళ్ళుగా వెంట తిరుగుతున్న తనని సారు ఒక్కసారి కూడా గట్టివాడన్న పాపాన పోలేదు. వరండా చివర దాకా వచ్చాక ఆగలేక అన్నాడు. "అయినా ఆ పిల్లని నమ్మడం రిస్క్ సార్."

"జిల్లా బహుమతి కొట్టిందని విన్న దగ్గర్నుంచీ నీకు ఆమె మీద అనుమానం, లలిత్. నేను మెచ్చుకున్నాక రెట్టింపైంది. కుళ్ళు అలాంటిది. నీలాంటి మంచివాడి చేతే ఇలా మాట్లాడించింది. మంచివాడు కానివాడి చేత ఏం చేయించి ఉంటుందో ఆలోచించు."

లలిత్ ముఖం ఎర్రబడింది.

కమిటీకి గంట ముందు దేవదానం అందరినీ వర్క్‌షాపులో నాలుగో లేత్ చుట్టూ నిలబెట్టాడు.

"ఎగిరిన కీ ఇదిగో. చిన్న లేత్‌ది. పెద్ద చక్‌లో పెడితే వదులుగా తిరుగుతుంది తప్ప బిగించదు. కాబట్టి దీంతో ఎవరూ కడ్డీ బిగించలేదు, బిగించి మరిచిపోనూ లేదు. బిగించిన అసలు కీ హరిణి సంచీలో ఉంది. ఎందుకుందో మగపిల్లల్ని అడగండి, హెడ్మాస్టరుగారూ. మీ బడిలో తప్పు అక్కడే మొదలైంది. ఇక ఈ చిన్న కీని ఎవరో కావాలని ఇక్కడ పెట్టారు."

వెంకటేశ్వర్లు ఆ కీ అందుకుని ఒక్కసారి చూసి నోరు తెరిచాడు. "అవునప్పా! ఇది మూల మిషనుది. నాకు చూపించుంటే ఆ దినమే చెప్పేవాన్ని."

"అందుకే మీరు కాదు. పిల్ల మరిచిపోయిందని నమ్మించాలి, ఇదీ దొంగ ఎత్తు. చిన్న కీ పెడితే అబద్ధం వెంటనే బయటపడుతుందని ఈ షెడ్డులో పనిచేసే ఎవరికైనా తెలుసు. ఇది కీ బొమ్మ మాత్రమే ఎరిగి, చేత్తో ఎన్నడూ బిగించని మనిషి పని. నాలుగో కీ మేకుకి లేదు. పక్క మిషన్ల కీలు తీస్తే పిల్లలు వెతుక్కుంటారు. రిపేరులో ఉన్న మిషను కీ కోసం ఎవరూ వెతకరు. అందుకని దాన్ని తీశాడు."

ఆయన గోడ మీది గుంటని చూపించాడు. "చక్ పై భాగం మన వైపుకి తిరుగుతుంది. కీ పైన ఉంటే ఎదురుగా ఉన్న పిల్ల ఛాతీకి తగలాలి. అవతలి రంధ్రంలో ఉంటేనే పైకి లేచి ఆ గోడకి కొట్టుకుంటుంది. ఈ గుంటని చూశాకే నాకది తెలిసింది. హెడ్మాస్టరుగారు కీ కళ్ళ ముందుందన్నారు. వెంకటేశ్వర్లుగారు పైన ఉందన్నారు. షెడ్డులో నెలగా అడుగే పెట్టని మనిషి ఒక్కరు మాత్రం గోడ దిక్కున ఉందని చెప్పారు. పిల్ల మీద జాలితోనే చెప్పారు. వీరభద్రంగారూ, పెట్టిన చేతికి తప్ప ఆ సంగతి ఇంకెవరికి తెలుస్తుంది?"

వీరభద్రం ఫర్హానా వైపు చూశాడు. నెమ్మదైన గొంతు ఎక్కడికి పోయిందో పోయింది.

"ఇరవై ఏళ్ళుగా బొమ్మలు గీసి గీసి నా కళ్ళు పోయాయి. నాకు రావాల్సిన కుర్చీ ఈవిడకొచ్చింది. సరే అనుకున్నాను. ఆ కప్పు వచ్చాక నిద్ర పట్టలేదు. బహుమతుల సభకి కూడా పోలేదు. ఈవిడకి కొట్టే చప్పట్లు వినలేక ఇంట్లో తలుపేసుకుని కూర్చున్నాను. కీ ఎగిరి పక్కన పడుతుంది, పిల్లలు భయపడతారు, ఆడపిల్లల క్లాసు మూసేస్తారు, ఈవిడ పోతుంది అనుకున్నాను. చెయ్యి విరుగుతుందనుకోలేదు."

"మీకు కోపం నా మీద కదా సార్," అంది ఫర్హానా. "పిల్ల మిషనులో పెట్టారా?"

గురుమూర్తి చెమట తుడుచుకున్నాడు. "పోలీసులకి నేను ఫోన్ చేస్తాను. హరిణి తప్పేం లేదని ఒప్పుకుంటాను. అయినా ఈ గొడవలన్నీ ఎందుకమ్మా, జాగ్రత్త కోసం ఈ ఒక్క ఏడాదికి ఆడపిల్లల్ని కుట్టుపనికి..."

"తప్పు చేసింది డ్రాయింగ్ మాస్టారు. కీలు దాచింది మగపిల్లలు. బయటికి పంపేది మాత్రం మా పిల్లల్నా సార్?" ఫర్హానా గొంతు షెడ్డంతా వినిపించింది. "కమిటీ ముందు ఈ ప్రశ్నే అడుగుతాను. జవాబు మీరే చెప్పండి."

"అయ్యా, ఆ యమ్మ అడిగేది న్యాయంగా ఉండాది," అన్నాడు వెంకటేశ్వర్లు. "నా కడుపుమంట ఆరలేదు, అది నా బాధ. దానికని పిల్లల్ని తరిమితే నేనూ కమిటీలో నోరు తెరుస్తా."

హెడ్మాస్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చివరికి, "నలుగురూ ఇక్కడే ఉంటారు. కీలు దాచే వాళ్ళ సంగతి నేను చూస్తాను," అన్నాడు. కమిటీకి కూడా అదే చెబుతానన్నాడు.

వీరభద్రం తల వంచుకుని తలుపు వైపు నడిచాడు. హరిణి అడ్డంగా వచ్చి నిలబడింది. ఆమె కళ్ళలో కోపం ఉంది, కన్నీళ్ళూ ఉన్నాయి.

"సార్, కప్పు ఇచ్చేటప్పుడు నీకు నేర్పించింది ఎవరని మైకులో అడిగినారు. పోటీలో నేను చేసిన పీసు మీరు నేర్పించిన డ్రాయింగు చూసి చేసిందే కదా. అందుకని ముందు మీ పేరు చెప్పినాను. తర్వాతే మేడం పేరు. అందరూ మీకు కూడా చప్పట్లు కొట్టినారు సార్. మీరు రాలేదు."

వీరభద్రం గడప మీద కూర్చుండిపోయాడు.