పిన్ని కూర్చోని సోఫా

బస్సు తలుపు ఆమె గొడుగును పట్టేసుకుంది. మనిషి లోపల, పిడి చేతిలో, మిగతా గొడుగంతా బయట వానలో. డ్రైవరు అద్దంలో చూసి మళ్లీ తలుపు తెరిచేసరికి గొడుగు ఊచ ఒకటి వంగిపోయింది.

"నీ మొహం మండ! నా గొడుగు నీకేం అన్యాయం చేసింది?" అని తలుపును నిలదీసింది.

పైకే అంది. ఈ మహానగరంలో తెలుగు పైకి మాట్లాడినా, మనసులో అనుకున్నా ఒకటే. పరాయి దేశం వచ్చాక ఆమెకు దొరికిన సుఖాల్లో అదొకటి. ఎవరినైనా, దేన్నైనా, ముఖంలో చిరునవ్వు చెరగకుండా తిట్టుకోవచ్చు.

తిట్టి, కాస్త తేలికపడి, కిటికీ పక్కన ఖాళీ సీట్లో కూర్చుంది. ముందు సీట్లో ఎవరో అబ్బాయి ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"కాదమ్మా, బాబాయి అడక్కుండా సోఫా కొన్నాడే అనుకో. దానికి పిన్ని నేల మీద కూర్చోవడం ఏంటి? అదీ సోఫా ఎదురుగా?"

ఆమె చెవులు నిక్కబొడుచుకున్నాయి.

పలకరించాల్సింది అప్పుడే. కానీ తల్లితో మాట్లాడుతున్న మనిషి భుజం తట్టి, "మీరు తెలుగువాళ్లా?" అని ఎలా అడుగుతుంది? ఫోన్ పెట్టేశాక అడుగుదామనుకుంది. అతను ఫోన్ పెట్టేసేలోపే ఆమె దిగాల్సిన స్టాపు వచ్చింది.

మర్నాడు అదే బస్సు, అదే సీటు, అదే గొంతు. ఈరోజు పలకరిస్తే, నిన్నంతా విన్నావా అంటాడేమో. రేపు పలకరిస్తే రెండు రోజులు విన్నట్టు. ఇలా లెక్క పెరిగిన కొద్దీ నోరు మూతపడింది. వారం తిరిగేసరికి ఇక మాట్లాడే ప్రశ్నే లేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పాటా గీటా ఏమీ లేకుండా, కిటికీలోంచి ఎటో చూస్తూ వినడం అలవాటు చేసుకుంది.

వినడమే ఆమె ఉద్యోగం కూడా. ఒక చెవుల క్లినిక్‌లో వినికిడి పరీక్షలు చేస్తుంది. అద్దాల గదిలో మనిషిని కూర్చోబెట్టి, సన్నటి శబ్దాలు పంపుతూ, వినిపిస్తే చెయ్యెత్తమంటుంది. రోజంతా పరాయి భాషలో "వినిపించిందా? ఇప్పుడో?" అని అడగడమే. ఇంటికొస్తే ఫ్లాట్‌లో మరో ఇద్దరమ్మాయిలు. మంచివాళ్లే. ముగ్గురివీ మూడు భాషలు కావడంతో ఫ్రిజ్‌లో ఏ అర ఎవరిది, చెత్త ఎవరి వంతు అన్నంత వరకే సంభాషణ సాగేది. ఇంటికి ఆదివారం ఫోన్ చేస్తే అమ్మ, నాన్న, అన్నయ్య, వదిన ఒకే ఫోన్ ముందు చేరి నలుగురూ ఒక్కసారే మాట్లాడేవాళ్లు. వారమంతా దాచుకున్న కబుర్లు ఎవరికి చెప్పాలో తెలిసేలోపు, "సరే తల్లీ, వేళకి తిను" అని ముగిసేది.

అందుకని పొద్దున బస్సులో వినిపించే ఆ తెలుగు ఆమెకు మందులా పనిచేసేది.

నెల తిరిగేసరికి ఆమెకు అతని గురించి అంతా తెలుసు, పేరు తప్ప. అందుకే సోఫావారబ్బాయి అని పేరు పెట్టుకుంది. పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టులు తనిఖీ చేస్తాడు. భుజాన నూనె మరకల సంచి. కూర వండితే మాడుతుంది, మాడకపోతే ఉడకదు. తల్లికి మోకాలి నొప్పి, నడవమంటే నడవదు. ఇక పిన్ని సంగతి సరేసరి. ఆవిడ సోఫా మీద కూర్చోదు. చుట్టాలొచ్చినా కూర్చోదు. దుమ్ము మాత్రం రోజూ దులుపుతుంది.

"అదేంటమ్మా, అంత కోపమున్న మనిషి దుమ్మెందుకు దులపడం? ... ఆఁ? వస్తువు మీద కోపం లేదా? బాబాయి మీదేనా?"

బాబాయి అలిగి, సోఫా కొన్న షాపుకే వెళ్లి, పొద్దుగూకేదాకా అక్కడి సోఫాల మీద కూర్చున్నాడని విన్న రోజున ఆమె దిగాల్సిన స్టాపు దాటిపోయింది. తలుపు మూసుకున్నాక గాని తెలియలేదు. తర్వాతి స్టాపులో దిగి, వెనక్కి పరిగెత్తి, క్లినిక్‌కి ఆలస్యంగా వెళ్లింది. సూపర్‌వైజరు కారణం అడిగితే ఏం చెబుతుంది? మా బాబాయి అలిగాడు అనా? బాబాయి ఆమెకేమవుతాడని!

ఒక్కటే అర్థమయ్యేది కాదు. ఫోన్ పెట్టేసే ముందు అతను ప్రతిరోజూ గొంతు తగ్గించి, "లేదమ్మా, ఇవాళా లేదు," అనేవాడు. ఒకసారి మాత్రం, "ఆఁ, ఇవాళ కొంచెం," అన్నాడు సంతోషంగా. ఏదో మొక్క పెంచుతున్నాడేమో, మొగ్గ తొడిగిందేమో అనుకుంది.

ఇలా హాయిగా గడిచిపోతుండగా ఒక మంగళవారం పిడుగు పడింది.

"చూశానమ్మా ఫోటో," అన్నాడతను. "బాగానే ఉంది. ... నన్నేం అడుగుతావు? నీకు నచ్చితే చాలు. ... సరే, వచ్చే నెల సెలవు పెట్టి వస్తాను. కుదిరితే అటే ఉద్యోగం చూసుకుంటాను. ఇక్కడ ఎవరున్నారు గనక? పలకరించే దిక్కే లేదు."

ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది. బయట ఏముందో మాత్రం కనిపించలేదు.

ఇన్నాళ్లూ ఆ గొంతంటే ఇష్టం అనుకుంది. ఆ ఇష్టం గొంతు దగ్గర ఆగిపోలేదని అప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం? ఒక్క మాటైనా మాట్లాడని మనిషి మీద ఏం హక్కని బాధపడాలి? అయినా బాధపడింది, నిక్షేపంగా.

ఆ మధ్యాహ్నం అద్దాల గదిలో ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఈమె మీట నొక్కింది. ఆవిడ చెయ్యెత్తింది. మళ్లీ నొక్కింది. మళ్లీ ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి, చివరికి ఆవిడే తలుపు తీసుకుని బయటికొచ్చింది.

"నాకు బాగానే వినిపిస్తోందమ్మా," అంది తన భాషలో. "నీకే ఏమీ కనిపించడం లేదు."

మర్నాడు వాన. బస్సు అద్దాల మీద ఆవిరి కమ్ముకుంది. అతను ఎప్పటి సీట్లోనే ఉన్నాడు. ఆమె ఎప్పటిలా వెనక కూర్చుని ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది.

"ఆఁ, అమ్మా. ఆలోచించాను. వాళ్లకి అవునని చెప్పేసెయ్. ఇంకా నాన్చడం ఎందుకు..."

"ఆగండి!"

బస్సంతా తిరిగి చూసింది. ఆ మాట తన నోటినుంచే వచ్చిందని ఆమెకు కాసేపు తెలియలేదు. తెలిశాక వెనక్కి తీసుకునే వీల్లేదు.

"ఫోటో చూసి ఒప్పుకోవడం ఏంటండీ?" అంది. నెలల తరబడి ఆపుకున్న తెలుగంతా గట్టు తెంచుకుంది. "ఆ అమ్మాయికేం తెలుసు మీ గురించి? మీరు కూర మాడుస్తారని తెలుసా? మీ అమ్మగారి మోకాలి సంగతి తెలుసా? పిన్నిగారి సోఫా తేలకుండా మీరెలా పెళ్లి చేసుకుంటారు? అయినా పలకరించే దిక్కు లేదంటారేంటి? మీరెప్పుడైనా వెనక్కి తిరిగి చూశారా?"

అతను వెనక్కి తిరిగి చూశాడు. అతని ముఖాన్ని ఆమె మొదటిసారి ఇంత దగ్గరగా చూడటం. ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటు ఉంది. అదొక్కటీ ఫోన్లో ఎప్పుడూ చెప్పలేదు.

ఆశ్చర్యపోవాల్సిన మనిషి ఆశ్చర్యపోలేదు. ఫోన్ నోటి దగ్గరికి తెచ్చుకుని, నెమ్మదిగా అన్నాడు.

"అమ్మా, మాట్లాడింది."

ఫోన్లోంచి ఒక ఆడగొంతు కిలకిలా నవ్వింది. "ఏదీ, ఫోనివ్వు! గొడుగు పిల్లకి ఇవ్వరా!"

ఆమెకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. చెవుల దాకా ఎర్రబడి, గంట నొక్కి, తనది కాని స్టాపులో దిగిపోయింది.

అతను కూడా దిగాడు. సంచి ఒక భుజాన, సగం తెరుచుకున్న గొడుగు ఒక చేతిలో, బస్సు స్టాపు రేకు కిందికి పరిగెత్తుకొచ్చాడు.

"ఒక్క నిమిషం వినండి."

"ఇన్నాళ్లూ వింటూనే ఉన్నాను. చాలు."

"మొదటి రోజు మీరు తలుపును తిట్టారు కదా. విన్నాను. ఈ ఊరొచ్చాక అంత చక్కటి తిట్టు వినలేదు. అమ్మ కూడా ఫోన్లో వింది. ఎవర్రా ఆ పిల్ల అంది."

"మరి అప్పుడే పలకరించొచ్చుగా?"

"మీరు పలకరించారా?"

 ఆ మాటకి ఆమెకు కోపం ఇంకా పెరిగింది.

"నేను వింటున్నానని మీకెలా తెలుసు? నాకు ఇయర్‌ఫోన్లున్నాయి."

"ఉన్నాయండీ. వాటి వైరు చివర మాత్రం మీ సంచి బయట వేలాడుతూ ఉంటుంది. దేనికీ తగిలించి ఉండదు."

ఆమె కిందికి చూసుకుంది. ఇప్పుడూ అలాగే వేలాడుతోంది.

నవ్వొచ్చింది గాని, నవ్వలేదు.  "మీకిది ఆటగా ఉందేమో," అంది. "నేను వారమంతా ఎవరితోనూ తెలుగులో మాట్లాడను. పొద్దున్నే మీ మాటలు వింటే, ఇంట్లో పక్క గదిలోంచి ఎవరో మాట్లాడుకుంటున్నట్టు ఉండేది. దానికోసం రోజూ ముందు బస్సు వచ్చినా ఎక్కేదాన్ని కాదు. నిన్న రాత్రి అన్నం కూడా సహించలేదు. అదంతా నాటకమని ఇప్పుడు చెబుతున్నారు."

అతని ముఖంలో నవ్వు పోయింది. గొడుగు ముడిచి గోడకు ఆనించాడు.

"తప్పయింది," అన్నాడు. "ఫోటో, పెళ్లి అబద్ధం. నాకూ ధైర్యం చాలలేదండీ. పలకరిస్తే మీరు ఇబ్బందిపడి వేరే బస్సు చూసుకుంటారేమోనని భయం. మీరు స్టాపు దాటిపోయిన రోజున అమ్మతో చెప్పాను, ఈ అమ్మాయికి కూడా ఇక్కడ ఎవరూ లేనట్టున్నారమ్మా అని. అప్పట్నుంచీ అమ్మ రోజూ అడిగేది, ఇవాళైనా మాట్లాడిందా అని."

"ఇవాళా లేదు," అంది ఆమె, తనకు తెలియకుండానే.

"ఒకరోజు కిటికీ వైపు తిరిగి నవ్వారు. ఆరోజు కొంచెం అని చెప్పాను."

వాన రేకు మీద చప్పుడు చేస్తోంది. ఆమె ముక్కు తుడుచుకుంది.

"అయితే మోకాలు?"

"నిజం."

"కూర మాడటం?"

"అది మరీ నిజం. కావాలంటే చేతులు చూడండి."

"సోఫా?"

అతను జవాబు చెప్పేలోపే ఫోన్ మోగింది. తెర చూసి, మారు మాట్లాడకుండా ఆమెకు అందించాడు.

"నమస్తే ఆంటీ," అంది ఆమె. 

"నువ్వు ముందు వాణ్ణి తిట్టమ్మాయ్," అంది అవతలి గొంతు. "తలుపును తిట్టినంత బాగా తిట్టు. పెళ్లి అబద్ధం వద్దురా, పిల్ల బాధపడుతుంది అన్నాను. విన్నాడు కాదు. నాదీ తప్పే, ఫోన్లో వాడికి వంతపాడాను."

"పర్లేదు ఆంటీ." పర్లేదో లేదో ఆమెకే తెలియదు, కానీ ఆ గొంతు వింటుంటే పర్లేదనే అనిపించింది. "ఒకటి చెప్పండి. పిన్నిగారు సోఫా మీద కూర్చున్నారా?"



"ఎప్పుడో కూర్చుందమ్మా," అంది ఆవిడ మెల్లగా. "కొన్న వారానికే కూర్చుంది. ఇప్పుడు లెమ్మన్నా లేవదు. మీ బాబాయే నేల మీద. అలిగి షాపుకెళ్లడం అవీ నేనూ వాడూ కలిసి అల్లినవి. కథ అయిపోతే నువ్వు వేరే సీటుకి పోతావేమోనని వాడి భయం. రోజూ నాకు ఫోన్ చేసి, ఇవాళ పిన్నిని ఏం చేద్దామమ్మా అని ప్రాణం తీసేవాడు."

ఆమె ఫోన్ చెవిన పెట్టుకుని అతని వైపు చూసింది. అతను నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. ఇంతసేపూ రేకు కిందే ఉన్నట్టున్నా, ఎడమ భుజం నూనె సంచితో సహా తడిసి ముద్దయింది.

ఆమెకు నవ్వొచ్చింది. ఈసారి కిటికీ వైపు తిరగలేదు.

"నవ్విందా?" అంది ఫోన్.

"నవ్విందమ్మా," అన్నాడతను. తర్వాత ఆమెతో, "మీరేం చేస్తుంటారో ఇంతవరకూ తెలియదు నాకు," అన్నాడు.

"వినికిడి పరీక్షలు చేస్తాను."

అతను ఆమెను చూశాడు, వేలాడుతున్న ఇయర్‌ఫోన్ల వైరును చూశాడు. ఇక ఆపుకోలేక పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మరీ అంత నవ్వక్కర్లేదు," అంది ఆమె. "ఇంతకీ ఆ ఫోటో ఎవరిది?"

"ఫోటోనే లేదండీ. అమ్మ మాత్రం నిజంగానే ఒకటి అడుగుతోంది, నెల రోజులుగా." ఒక్క క్షణం తటపటాయించాడు. "మీరు ఒప్పుకుంటే తీసి పంపుతాను. నాకూ ఒకటి ఉంచుకుంటాను."

"ఇలా ముక్కు ఎర్రగా ఉన్నప్పుడా?"

"అమ్మకి అబద్ధాలు నచ్చవు."

"ఎవరు చెప్పారు, నిన్నటి దాకా..." అంటుండగానే బస్సొచ్చింది. ఆమె ముందెక్కింది. అతను బస్సు దాకా రావడానికి మళ్లీ తెరిచిన గొడుగును ఎలా ముడవాలో మర్చిపోయినట్టు పెనుగులాడుతూ వెనక ఎక్కాడు. తలుపు మూసుకుంది. అతను లోపల, గొడుగు బయట.

ఆమె తిరిగి చూసి, తలుపు మీద అరచేత్తో ఒక్కటిచ్చింది.

"నీ మొహం మండ! ఇతని గొడుగు కూడా కావాలా నీకు?"

బస్సులో అందరూ తలెత్తి చూశారు. ఒక్కరికీ ముక్క అర్థం కాలేదు. ఆమె చేతిలోని ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది. అందులోంచి ఆవిడ నవ్వు, పక్కన మరెవరిదో గొంతు వినిపించాయి.

"ఏంటక్కా అంత నవ్వుతున్నావు?"

"నువ్వు సోఫా మీంచి లేచి ఇటు రావే," అంది ఆవిడ. "నీ కథ విన్న పిల్ల ఇదిగో, మాట్లాడు."