మారిన పవర్ సప్లై

వచ్చినతను డిటెక్టివ్ ఎదుట కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతున్నాడు.

"నా మరదల్ని నేనే చంపబోయానంటున్నారు మేడమ్," అన్నాడు.

మరదలు పోటీల్లో ఆడే గేమర్. ఆమె కంప్యూటర్‌కి ప్రాసెసర్ మొదలు ఫ్యాన్ల దాకా ప్రతి భాగాన్నీ ఏరికోరి తెచ్చి బిగించింది ఈ బావే. నిన్న ఆమె సాధనకని స్విచ్ వేయగానే లోపల మంట లేచి కిటికీ తెరకు అంటుకుంది. తలుపు గడియ బిగుసుకుపోయింది. ఆమె అన్న తలుపు బద్దలుకొట్టి చెల్లెల్ని బయటికి లాక్కొచ్చాడు.

"నాసిరకం సరుకు పెట్టానని ఇంటిల్లిపాదీ నన్నే వేలెత్తి చూపుతున్నారు. కానీ కాలిన పవర్ సప్లై, అదే కరెంటు అందించే పెట్టె, నేను ఎంచింది కాదు. మూత తీసి చూశాక తెలిసింది."

"అదెలా ఉందో ఎవరికైనా చెప్పారా?"

"నాది కాదని మాత్రమే అన్నాను. ఆపైన చెప్పనిస్తేగా. మూత మళ్లీ బిగించేసి మీ దగ్గరికొచ్చా."

డిటెక్టివ్ అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. సహాయకుడు సంచీ అందుకుని వెంట నడిచాడు.

మరదలి గదిలో మసి వాసన గొంతు పట్టేస్తోంది. క్యాబినెట్ అద్దం వెనక, తాను కొన్నవని బావ చూపించిన నారింజ రంగు కేబుళ్లు సగం కరిగి వేలాడుతున్నాయి. అడుగున రేకు మూత తీస్తే తప్ప పవర్ సప్లై కనిపించదు. డిటెక్టివ్ మూత తీసింది.

"ఇంత పెద్ద గ్రాఫిక్స్ కార్డుకి ఈ బుల్లి పెట్టా?" సహాయకుడు గొణిగాడు.

"కేబుళ్లు మాత్రం బావ కొన్నవే," అంటూ ఆమె మూత బిగించేసింది.

ముందుగా మరదలి జట్టులోని స్నేహితురాలిని పిలిచారు.

"తను ఆడకపోతే కెప్టెన్ నేనే. మీ అనుమానం అర్థమవుతోంది," అందామె.

"పవర్ సప్లై మార్చడం వచ్చా?"

"వచ్చు. కేబుళ్లతో సహా మార్చాలి. ఒక కంపెనీవి ఇంకోదాంట్లో దూరతాయి గానీ లోపలి తీగల అమరిక వేరు. తెలీక ఓసారి నా డిస్కు తగలబెట్టుకున్నా."

తర్వాత చేతికి కట్టుతో అన్న వచ్చాడు.

"నాకివేం తెలుస్తాయండీ. ఆ మూత ఏనాడూ తీయలేదు. అంత చిన్న పెట్టె పెట్టి, ఇప్పుడు నాది కాదంటే ఎలా?"

డిటెక్టివ్ అందరినీ హాల్లోకి పిలవమంది.

"కాల్చాలనుకున్నవాళ్లకి వేరే కంపెనీ కేబుళ్లు తగిలిస్తే చాలు. బలహీనమైన పెట్టె వెతికి తేనక్కర్లేదు," అని మొదలుపెట్టింది. "ఇది పెట్టినవాళ్లు కరెంటు చాలక యంత్రం ఆట మధ్యలో ఆగిపోవాలనుకున్నారు. బయటికి తేడా తెలియకుండా పాత కేబుళ్లే ఉంచారు. అది ప్రమాదమని బావకీ తెలుసు, స్నేహితురాలికీ తెలుసు. తెలియనివారు ఒక్కరే."

ఆమె అన్న వైపు తిరిగింది.

"పెట్టె చిన్నదని మీకెవరు చెప్పారు?"

అతను బావ వంక చూశాడు, స్నేహితురాలి వంక చూశాడు. ఇద్దరూ తల అడ్డంగా ఊపారు.

"ఓడిపోతే ఈ పిచ్చి వదిలి చదువు చూసుకుంటుందనుకున్నా," అన్నాడు చివరికి. "అంటుకుంటుందని తెలీదు చెల్లీ."

పొగకు బొంగురుపోయిన గొంతుతో చెల్లెలు నెమ్మదిగా అడిగింది.

"ఆడొద్దని నా మొహం మీదే చెప్పొచ్చుగా?"

"చెబితే వినవని..."

"వినేదాన్ని కాదు. పోట్లాడేదాన్ని." ఆమె లేచి బావ పక్కకు వెళ్లి నిలబడింది. "నిన్న పొగలో నిన్నే పిలిచానన్నయ్యా. రేపేదైనా అయితే ఎవర్ని పిలవాలో తెలీడం లేదు."