పైపు కాడి నీరుగంటి

పాతపాళ్యకు పోయే దావలో, చెరువు కట్ట దిగినాక, పంపులతో చెరువుకు నీళ్లు తెచ్చే పైపులైను మీద ఒక సిమెంటు గుంత ఉండాది. పక్కన కంబానికి ఒక డబ్బా. పైపులో ఎన్ని నీళ్లు పోతాండాయో ఆ డబ్బా అద్దంలో నంబర్లు పడతాయి. ఫ్లో మీటరంటారు. పొద్దు గుంకితే ఆ పక్కకు మగోళ్లు కూడా పోరు. ఎందుకంటే... పంపులు నిలిపేసిన రాత్రిళ్లు కూడా ఆ నంబర్లు తిరుగుతానే ఉంటాయి.

అది నీరుగంటి గురప్ప పనంటారు ఊర్లో. బతికినన్నాళ్లూ చెరువు తూము తీసి, మడి మడికీ నీళ్లు పంచినోడు. చెరువు ఎండినాక చేసే పని లేక మనాదితో సచ్చిపోయినాడు. ఇప్పుడు రాత్రిపూట వచ్చి, పైపు నీళ్లు తన పాత మళ్లకు మళ్లించుకుంటాండాడంట. నవ్వద్దండి. పగలంతా నంబర్లు తిరిగినా, చెరువులో చుక్క నీళ్లు లేవంటే ఊరోళ్లు ఇంకేమనుకోవల్ల?

ఆ ఊరి రైతు ఈరప్ప మాత్రం ఆ మాటకు భయపడలే. ఆశపడినాడు. ఆయప్ప బోరు ఎండిపోయింది. వాళ్ల నాయన నాటిన మల్బరీ తోట ఆకు వాలేసింది. ఈ వారంలో ఒక తడి పడకుంటే మొదుళ్లు కూడా దక్కవు. ఆ తోట పోతే ఆయప్పకు ఇంకేమీ లేదు.

"దెయ్యమైతే ఏమి? నీళ్లు ఉండాయి కదా," అన్నాడు పెండ్లాంతో. "పోయి అడుగుతా."

చౌడమ్మ లోపలికి పోయి, సంచిలో రాగులు పోసుకొచ్చింది.

"వట్టి చేతుల్తో పోవద్దు," అనింది గుసగుసగా. "నీరుగంటికి మేర గింజలు ఇయ్యకుండా నీళ్లు అడగకూడదు."

ఆ రాత్రి గాలి లేదు. కట్ట దిగతానే కనపడింది — చీకట్లో ఆ అద్దం, దాంట్లో నంబర్లు. తిరుగుతాండాయి. పెరుగుతాయి... తగ్గుతాయి... మల్లా పెరుగుతాయి. ఈరప్ప సంచి గట్టిగా పట్టుకొని గుంత దాకా పోయినాడు.

గుంతలో ఏందో సద్దయింది.

టక్... టక్...

సద్దు నిలిచింది. గుంతలోంచి మెల్లగా ఒక తల లేచింది — నొసట ఒంటి దీపం...

ఈరప్ప అట్లే కూలబడినాడు. సంచి జారి రాగులు నేలపాలు. అయినా చేతులు జోడించినాడు.

"గురప్ప మామా... ఒక్క తడి... ఒక్క తడి ఇడుచు మామా..."

"ఎవురప్పా అది?"

దెయ్యం కాదు. తలకు లైటు కట్టుకున్న మనిషి. పేరు ధనుంజయ, చింతామణి నుంచి వచ్చిన మీటరు మెకానిక్కు. రాత్రిపూట మీటరు తిరుగుతాందని కంప్లైంటు పోయింటే, రాత్రే చూడల్లని వచ్చినాడు.

ఈరప్పకు పోయిన పానం తిరిగొచ్చింది. చెమట తుడుచుకొని, అసలు మాట అడిగినాడు.

"అయితే ఈ నీళ్లు యాడికి పోతాండాయి నాయనా?"

"యాడి నీళ్లప్పా? పైపు ఖాళీ," అన్నాడు ధనుంజయ. "నీళ్లు తగులుతాంటేనే ఈ మీటరు నిజం చెప్పేది. ఖాళీ పైపులో దానికేమీ తెలీదు, నోటికొచ్చిన నంబరు చెప్తాది. పైపు ఎండితే సున్నా చూపించేటట్ల సెట్టింగు పెట్టల్ల. ఎవురూ పెట్టలే."

"రాత్రి కదా ఖాళీ. పగలో?"

"పగలూ అంతే. పంపు నీళ్లు పైన చెరువులకే అయిపోతాండాయి, ఇంతదూరం వచ్చేదే లేదు. ఆ నంబర్లే పగలు చూసి నీళ్లనుకున్నారు, రాత్రి చూసి దెయ్యమనుకున్నారు."

డబ్బా తెరిచి ఏవో బటన్లు ఒత్తినాడు. నంబర్లు నిలిచిపోయినాయి. అద్దంలో సున్నా.

ఈరప్ప దాన్నే చూస్తా కూర్చున్నాడు.

"నాయనా," అన్నాడు కడాకు. "మల్లా తిరిగేటట్ల చేసేదానికి కాదా?"

"ఎందుకప్పా? అది అబద్ధం కదా."

"గురప్ప ఉండాడనుకుంటిమి," అన్నాడు ఈరప్ప. "నీళ్లు దొంగిలించేవోడైనా సరే... అడుక్కునేదానికి ఒకడు ఉండె."

ధనుంజయ డబ్బా మూత బిగించి, తల మీది లైటు ఆర్పేసినాడు.