ఎర్రల లెక్కలో గొడుగు

ప్రింటర్ లోంచి కాగితం సగం బయటికి వచ్చేసరికే నా ఒళ్ళు మండిపోయింది. పైన మా రీసెర్చ్ పేపర్ శీర్షిక. కింద మూడు పేర్లు. మొదటిది లెక్కలమ్మాయిది, రెండోది నాది, చివరిది మా మేడమ్‌ది.

మేడమ్ పేరు చివర ఉండటం సరే. గైడ్ పేరు చివర వేయడం మా బయాలజీ వాళ్ళలో ఆనవాయితీ. నా బాధల్లా మొదటి పేరుతోనే. రెండేళ్ళపాటు వాన పడ్డ ప్రతిసారీ క్యాంపస్ వెనక తోటలోకి పరిగెత్తి, మోకాళ్ళ మీద కూచుని, పైకొచ్చిన ఎర్రల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టింది నేను. వానపాములు అంటే కాస్త మర్యాదగా ఉంటుందిగానీ, చిన్నప్పట్నుంచీ నా నోటికి అలవాటైన మాట ఎర్రలే.

పైగా ఆ పొద్దున్నే లెక్చరర్ ఉద్యోగం ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. వచ్చే నెల ఇంటర్వ్యూ. మొదటి పేరు మనదైన పేపర్ ఒక్కటైనా, కనీసం జర్నల్‌కి పంపిందైనా ఉంటేనే లోపలికి రానిస్తారు. రెండో పేరుతో పది ఉన్నా గుమ్మం బయటే. ఆ పిలుపు జేబులో పెట్టుకుని వచ్చి చూస్తే, ఇదిగో ఈ కాగితం.

తిన్నగా ఆమె టేబుల్ దగ్గరికి వెళ్ళాను.

"ఏంటిది?"

"కాగితం," అంది తలెత్తకుండా.

ఏడాది కిందట లెక్కల డిపార్ట్‌మెంట్ నుంచి మా ల్యాబ్‌కి అరువొచ్చిన మనిషి. అందరూ లెక్కలమ్మాయి అంటారు.

"దాని మీద పేర్లు చూశావా?"

"టైపు కొట్టిందే నేను. చూడకుండా ఎలా కొడతాను?"

"సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు."

ఇప్పుడు తలెత్తింది. "నాకేం సోకు ఎర్రల మాస్టారూ? మా లెక్కలవాళ్ళం అక్షరక్రమంలో వేస్తాం. ముందున్నవాడు గొప్ప, వెనకున్నవాడు తక్కువ అనేది మాకు లేదు."

"నీ పేరు 'అ'తో మొదలవుతుంది కాబట్టి చక్కగా చెబుతున్నావు. 'హ'తో మొదలైతే ఈ క్రమం గుర్తొచ్చేదా?"

"మీతో వాదన అనవసరం."

కోపమొస్తే ఆమె 'మీరు'లోకి వెళ్ళిపోతుంది. నువ్వు అన్నంతసేపూ ఫర్వాలేదు. మీరు అందంటే ఆ పూట ఎవరైనా దూరంగా ఉండటం మంచిది.

"ఏమిటా గోల, సంతలోలాగా?" అంటూ మేడమ్ వచ్చింది. సంగతి విని, మా ఇద్దరి చేతుల్లో చెరో తెల్లకాగితం పెట్టింది.

"రేపు పదకొండుకి జర్నల్‌కి పేపర్ పంపాలి. మొదటి పేరు ఎవరిదో ఈ కాగితాలు చెబుతాయి. నా పద్ధతి తెలుసుగా."

తెలుసు. పేపర్‌తోపాటు ఎవరు ఏం పని చేశారో రాసి పంపాలి. అన్నిచోట్లా ఎవరి పని వాళ్ళే రాసుకుంటారు. "అలా రాసినవన్నీ కూడితే ఒక్కో పేపర్‌కి మూడొందల శాతం పని తేలుతోంది," అంటుంది మా మేడమ్. అందుకే మా ల్యాబ్‌లో తన పని తను రాసుకోకూడదు. నా పని ఆమె రాయాలి, ఆమె పని నేను రాయాలి.

నా టేబుల్ దగ్గరికొచ్చి కసిగా రాశాను. 'లెక్కలు వేసింది.' అక్కడితో అయిపోయింది. ఇంత చిన్న వాక్యం చూస్తే మేడమ్ కాగితాన్ని నా మొహానే కొడుతుంది. ఇంకేం చేసిందో చూద్దామని ఆమె ఫైళ్ళు తెరిచాను. ఏడాదిగా ఇద్దరికీ అందుబాటులో ఉన్న ఫోల్డర్. ఒక్కసారైనా తొంగి చూడలేదు నేను.

ముందు ఒక సంగతి చెప్పాలి. నా నోట్‌బుక్కుల్లో ప్రతి పేజీ నడుమా ఆ రోజు ఎర్రల లెక్క ఉంటుంది. అంచుల్లో మాత్రం, వాన లేని రోజుల్లో కూడా వెళ్ళి నేల చూసి రాసుకున్న నా చెత్త ఉంటుంది. 'నేల పలిగింది', 'చినుకు పడి తొమ్మిదో రోజు', 'గడ్డి కింద కూడా తడి లేదు', ఎన్నింటికి కూచున్నాను, ఎన్నింటికి లేచాను. పొలం గట్టున పెరిగినవాణ్ణి, నేలని చూస్తే ఏదో ఒకటి రాయబుద్ధేస్తుంది. అది రీసెర్చ్ అని నేను కలలో కూడా అనుకోలేదు.

ఆమె ఆ అంచులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించింది. నాలుగు వందల పన్నెండు వరసలు. కోడి గెలికినట్టుండే నా రాతని మూడు నెలలు కూచుని చదివింది. మా తోటలో ఎర్రలు ఎన్ని పైకొస్తాయనేది వాన ఎంత పడిందన్నదాన్నిబట్టి కాదు, అంతకుముందు ఎన్నాళ్ళు ఎండిందన్నదాన్నిబట్టి అని మా పేపర్ చెప్పే అసలు మాట. ఆ ఎండిన రోజుల సంగతి వాతావరణ ఆఫీసు నుంచి తెచ్చిందనుకున్నాను ఇన్నాళ్ళూ. నా అంచుల్లోంచి తవ్వింది.

పక్కకి జరుపుతూ పోతే చివర్న ఒక కాలమ్ కనిపించింది. పేరు 'గొడుగు'.

ఆమె తోటలోకి వచ్చిన రోజుల్లో నేను అంచున ఆ మాట కూడా రాసుకునేవాణ్ణి. పసుపుపచ్చ గొడుగు, దాని కింద తడిసిన చెప్పులు చేత్తో పట్టుకుని గంతులేస్తూ వచ్చే మనిషి. అదంతా రాసే ధైర్యం లేక 'గొడుగు' అని వదిలేసేవాణ్ణి.

ఆ కాలమ్ కింద మూడు నెలల కిందటి తేదీతో ఆమె రాసుకున్న మాటలు ఇవి. 'గొడుగు ఉన్న రోజుల్లో ఎర్రలు ఒకటిన్నర రెట్లకి పైనే. ఎర్రలకి గొడుగుతో పనేమిటి?' వారం తర్వాత తేదీ వేసి ఇంకో ముక్క. 'టైములు చూశాను. మామూలు రోజుల్లో ఇరవై అయిదు నిమిషాలు. గొడుగు రోజుల్లో నలభై. ఎర్రలు పెరగలేదు, లెక్కపెట్టే మనిషి లేవట్లేదు. నిమిషానికి ఇన్ని అని సరిచేశాను. ఎవరికీ చెప్పనక్కర్లేదు.'

అది సరిచేయకుండా పంపి ఉంటే జర్నల్ తరఫున పరిశీలించేవాళ్ళు పట్టుకుని పేపర్‌ని ఉతికి ఆరేసేవాళ్ళు. ఆమె పేపర్‌నీ కాపాడింది, నా పరువునీ కాపాడింది. నేనేమో పొద్దున సోకు అన్నాను.

కొత్త కాగితం తీసుకుని రెండు వైపులా నింపాను. చివరి వాక్యం దగ్గర జేబులో పిలుపు గుర్తొచ్చి పెన్ను ఆగింది. కాసేపే. 'మొదటి పేరు ఆమెదే కావాలి' అని రాసేశాను.

మర్నాడు పదిన్నరకి మేడమ్ గదిలో ఇద్దరం చెరో కుర్చీలో. మేడమ్ నా కాగితం పైకి చదువుతోంది.

"... గొడుగు వల్ల వచ్చిన తేడాని సరిచేయడం. గొడుగేమిటి?"

నేను ఫ్యాన్ వైపు చూశాను. ఆమె నేల వైపు చూసింది.

"లెక్కపెట్టే మనిషి వల్ల వచ్చే దోషం మేడమ్," అంది ఆమె. "కొన్ని రోజుల్లో ఆయన దృష్టి పని మీద ఉండేది కాదు."

"ఎన్ని రోజులు?"

"అరవై ఒకటి."

"అరవై ఒక్క రోజులైతే దోషం అనరమ్మా, అలవాటంటారు," అని మేడమ్ కళ్ళద్దాలు సర్దుకుని రెండో కాగితం తీసింది.

ఆమె రాసింది నాలుగే వాక్యాలు. 'అంచు రాతలు తీసేసి లెక్క మళ్ళీ వేశాను. ఫలితం మాయమైంది. నా లెక్కలు తీసేసినా, ఆ రాతలు ఓపిగ్గా చదివినవాళ్ళకి అసలు సంగతి ఎప్పటికైనా కనిపిస్తుంది. మొదటి పేరు అతనిది.'

కుర్చీలోంచి లేచాను. "మేడమ్, ఇది జాలితో రాసింది. నా ఇంటర్వ్యూ సంగతి తెలిసి..."

"మీ ఇంటర్వ్యూ సంగతి నాకెవరు చెప్పారు?" అంది ఆమె నావైపు తిరిగి. "నేనా లెక్క ఈ నెల మూడో తారీకున వేశాను. ఫైల్ మీద తేదీ ఉంది, వెళ్ళి చూసుకోండి. మీవాళ్ళలో ముందు పేరుకి ఇంత బరువుందని నిన్న మీరు నా మీద అరిచేదాకా నాకు తెలీదు. మా డిపార్ట్‌మెంట్‌లో పేరుందా లేదా అనే చూస్తారు. జాలి పడితే చెబుతాను. ఇది లెక్క."

మేడమ్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. "నువ్వు ఆమె కష్టం రాశావు. ఆమె నీ పనికి రుజువు రాసింది. మనం రుజువుతో బతికేవాళ్ళం." కంప్యూటర్‌లో నా పేరు పైకి జరిపింది. ఇద్దరి పనీ సమానమని కింద ఒక వాక్యం చేర్చి, మీట నొక్కింది. "పోయింది. మీరూ పోండి. కాస్త గాలి ఆడనివ్వండి గదిలో."

వరండాలోకి వచ్చేసరికి సన్నగా చినుకులు మొదలయ్యాయి. ఎగిరి గంతేయాలనుంది, ఏడవాలనుంది. రెండూ మాని స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాను.

"మూడు నెలల కిందటే తెలిసి ఒక్క మాట అనలేదేం?" అన్నాను.

"ఏడాదిగా రాసుకుంటూ నువ్వు అనలేదేం?"

నువ్వు అంది. ప్రాణం లేచొచ్చింది.

"భయమేసింది. లెక్కల మనిషివి, రుజువడుగుతావని."

"అడిగేదాన్నే." చెయ్యి బయటికి చాపి చినుకుల్ని పట్టుకుంటూ అంది, "అరవై ఒకటిలో నేను పని మీద వచ్చింది ఇరవై నాలుగు రోజులు. మిగతా ముప్పై ఏడు రోజులూ వానలో బురద తొక్కుకుంటూ ఎందుకొచ్చాననుకున్నావు? ఎర్రల మీద ప్రేమతోనా?"

తడిసిన ఆమె చేతిని పట్టుకున్నాను. వెనక్కి తీసుకోలేదు.

"మీ ఇంట్లో చెప్పు ముందు," అంది. "ఉద్యోగానికి దారి పడిందన్న కబురు కోసం ఎదురుచూస్తుంటారుగా."

అమ్మకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. "అమ్మా, పేపర్ వెళ్ళిపోయింది. మొదటి పేరు నాదే."

"ఆ పేరు పెట్టింది నేనేగా, నాకు తెలీకేం," అంది అమ్మ. "రెండో పేరు ఎవరిదిరా? ఏడాదిగా ఫోన్‌లో లెక్కలమ్మాయి, లెక్కలమ్మాయి అని చంపుతున్నావు. ఆ పిల్లదేనా?"

నేను స్పీకర్ ఆపబోతుంటే, ఆమె నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"నాదే, అత్తయ్యా."

అమ్మ గొంతు, నాతో ఎప్పుడూ మాట్లాడనంత మెత్తగా వచ్చింది.

"ఫోన్ వాడికివ్వకమ్మా. నువ్వే మాట్లాడు."