ఒక్కరోజు డ్రైవర్

"ఒక్క రోజు డ్రైవర్‌గా రాగలరా?"

ఫోన్‌లో ఆమె ఆ మాట అడగ్గానే మెకానిక్‌కి నవ్వొచ్చింది. ఆమె కుట్టు మిషన్ బాగుచేయడానికి వెళ్లి మనసు పారేసుకున్నవాడు. పెళ్లికొడుకు హోదా ఇస్తుందేమోనని ఏడాదిన్నరగా చూస్తుంటే, డ్రైవర్ ఉద్యోగం ఇచ్చింది.

"యూనిఫాం కూడా నువ్వే కుడతావా?"

"జోక్ కాదు. అత్తయ్యా మామయ్యా ఊరినుంచి వస్తున్నారు. నృత్యోత్సవానికి తీసుకెళ్లాలి. మన సంగతి వాళ్లకింకా తెలీదు."

ఆమె భర్త పోయి నాలుగేళ్లు. కొడుకు పోయినా ఆ పెద్దవాళ్లు కోడల్ని వదల్లేదు, ఆమె కూడా వాళ్లను వదల్లేదు. అది తెలిసే అతను స్నేహితుడి కారు అడిగి తెచ్చాడు, నోటికి తాళం వేసుకున్నాడు.

రెండు గంటల ప్రయాణం. "ఎడమకి తిప్పండి డ్రైవర్ గారూ" అని ఆమె అన్నప్పుడల్లా "అలాగే మేడమ్" అన్నాడు. అద్దంలో చూపులు కలిస్తే ఆమె కిటికీ వైపు తిరిగిపోయింది.

మైదానంలో స్టేజి మీదికి ఎర్ర కోట్లు తొడుక్కున్న నృత్య బృందం వచ్చింది. అత్తగారు పక్కనున్న ముక్కూమొహం తెలీని వాళ్లందరికీ చెప్పడం మొదలుపెట్టింది.

"ఆ నలభై ఎర్ర కోట్లూ మా కోడలే కుట్టింది. ఇదిగో, ఈ పిల్లే. మా కోడలు!"

వెనక నిలబడి అతను విన్నాడు. ఇంత ప్రేమగా పట్టుకున్న చేతిని విడిపించడానికి తనెవడు?

మధ్యాహ్నం వాన పట్టుకుంది. వాళ్లు ముగ్గురూ భోజనాల డేరాలోకి వెళ్లారు. అతను కారులో కూర్చున్నాడు. కాసేపటికి ఆమె తడుస్తూ ప్లేటు తెచ్చింది.

"మామయ్య పంపారు. డ్రైవర్ ఆకలితో ఉంటాడని."

"దేవుడిలాంటి ఓనర్లు దొరికారు నాకు."

ఆమె నవ్వలేదు. ప్లేటు అతని చేతిలో పెట్టింది.

"నావల్ల కావట్లేదు. మిమ్మల్ని ఇక్కడ కూర్చోబెట్టి నాకు అక్కడ ముద్ద దిగట్లేదు. ఇప్పుడే చెప్పేస్తా."

"వాళ్లు కాదంటే?"

"ఏమో. చెప్పకపోతే మాత్రం అందర్నీ మోసం చేసినట్టే."

వెళ్లిపోయింది. వాన నీళ్లు కారుతున్న అద్దంలోంచి అతనికి అన్నీ మసకగా కనిపించాయి. ఆమె వాళ్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది. మామగారు తల దించుకున్నాడు. అత్తగారు దిగ్గున లేచి, గొడుగైనా లేకుండా కారు వైపే వస్తోంది. అతను గబగబా దిగాడు.

"నువ్వేనా?"

"నేనేనండీ. ఆమె తప్పేం లేదు, ముందు నేనే..."

"తప్పొప్పులు నేనడిగానా?" ఆవిడ కళ్లు తుడుచుకుంది. "దాని బతుకు బాగుండాలని నాకు మాత్రం ఉండదా బాబూ? నా భయం వేరు. నన్ను అత్తయ్యా అని పిలిచేది ఈ లోకంలో అదొక్కత్తే. రేపు నీ ఇంటికొస్తే ఆ పిలుపు మీ అమ్మది. మరి నేనేమవుతాను? చెప్పు."

అతను తల తిప్పి చూశాడు. డేరా అంచున ఆమె, మామగారి చేయి పట్టుకుని ఇటే చూస్తోంది.

"ఆమె ఆ పిలుపు మానదండీ," అన్నాడు. "అయినా పిల్లనిచ్చేది మీరైతే, నేనూ మిమ్మల్ని అలాగే పిలవాలి కదా. తడిసిపోతున్నారు. లోపల కూర్చోండి, అత్తయ్యా."

ఆవిడ కూర్చోలేదు. వానలో అలాగే నిలబడి, అతని మొహంలోకి చూస్తూ, "ఇంకోసారి పిలువు" అంది.