డెబ్బై రెండు కిలోల మెకానిక్

“ఇది ఎక్కడ కొన్నారు? బొమ్మల షాపులోనా?”

ఆమె అతనితో అన్న మొట్టమొదటి మాట ఇదే. మోచెయ్యి గీరుకుపోయి, ప్యాంటు మోకాలి దగ్గర చిరిగి, ఒక చేత్తో లాంగ్‌బోర్డు, మరో చేత్తో రెండు లోహపు ముక్కలు పట్టుకుని కుంటుకుంటూ ఆమె స్కేట్‌బోర్డుల షాపులోకి వచ్చిన మనిషిని పలకరించే పద్ధతి ఇదేనా అని అతనికి ఒళ్ళు మండింది.

“ముందు దెబ్బ ఎలా తగిలిందని అడగరా?”

“అడగడానికేముంది? ట్రక్ విరిగింది, మీరు పడ్డారు. కూర్చోండి, దూది తెస్తాను.”

ట్రక్ అంటే ఇక్కడ సరుకులు మోసే లారీ కాదు. మనిషి నిలబడి దొర్లించుకుపోయే లాంగ్‌బోర్డు చెక్క కింద ముందొకటి, వెనకొకటి బిగించే లోహపు భాగం. చక్రాలు ఉండేది దానికే. మనిషి ఏ పక్కకి ఒరిగితే ఆ పక్కకి బోర్డుని తిప్పేదీ అదే. అది విరిగితే ఏమవుతుందో చెప్పడానికి అతని మోచెయ్యే చాలు.

అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఒక బిల్డింగు నుంచి ఇంకో బిల్డింగుకి ఆ బోర్డు మీదే తిరుగుతాడు. మనిషి మంచివాడు, పనిమంతుడు. కాకపోతే మరీ సన్నం. గట్టిగా గాలి వీస్తే వాళ్ళక్క కిటికీ మూసేది చలికి కాదు, తమ్ముడు ఎగిరిపోతాడని. ఈ హాస్యం అక్కదే. చిన్నప్పటి నుంచి విని విని అతనికి అది ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది.

ఆమె దూది తెచ్చి, గాయం తుడవమని అతనికే ఇచ్చి, తను మాత్రం విరిగిన ముక్కని దీపం కిందకి తీసుకెళ్ళింది.

“ఇలా రండి. విరిగిన చోట సన్నసన్న బొక్కలు కనిపిస్తున్నాయా? పోత పోసేటప్పుడు లోపల గాలి చిక్కుకుపోయింది. పైన తళతళలాడే రంగు కొట్టి అమ్మేశారు.”

అతను బొక్కల్ని ఒక్క క్షణం చూశాడు. ఆమె ముఖాన్ని అంతకంటే కాస్త ఎక్కువసేపే చూశాడు.

“మరి గట్టిది ఎలా కనిపెట్టడం?”

“రంగు చూడకండి. ఇరుసు తిన్నగా ఉందా, మరలు శుభ్రంగా కోశారా, చేత్తో ఊపితే లొడలొడలాడుతోందా, అవి చూడండి. ఎంచుకోండి, చూద్దాం.”

అది పరీక్షేనని అతనికి అర్థమైంది. అద్దాల బీరువాలో ఎర్రవి, నీలివి, బంగారు రంగువి బోలెడున్నాయి. వాటిని ఒక్కొక్కటీ తీసి తిప్పాడు, ఊపాడు, ఇరుసుని అద్దం మీద దొర్లించాడు. చివరికి బీరువాలో లేనిదాన్ని, బల్ల మూల రంగూ పేరూ లేకుండా పడున్న ఒక జతని చేతిలోకి తీసుకున్నాడు.

“ఇది. ఎవరు చేశారోగానీ చేతిలో పనుంది.”

ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

“అది... అమ్మకానికి కాదండీ. నేనే చేశాను. వెనక మా నాన్నగారి పోత షెడ్డు ఉంది. అచ్చు నాది, పోత ఆయనది. కొందరికి ఇచ్చి నడిపించి చూస్తున్నాను. బోర్డులు తయారుచేసే కంపెనీ ఆయన వచ్చే నెల చూడ్డానికి వస్తానన్నాడు. ఆయనకి నచ్చితే వాళ్ళ బోర్డులన్నిటికీ ఇవే.”

“అయితే నాకూ ఇవ్వండి. నడిపి చెప్తాను.”

“ఉన్నదున్నట్టు చెప్పాలి.”

“లిఫ్టు మెకానిక్‌నండీ. అబద్ధం చెప్తే జనం మధ్యలో వేలాడతారు.”

ఆమె ఫక్కున నవ్వింది. అదిగో, అక్కడ మన మెకానిక్ పని అయిపోయింది.

సరిగ్గా అప్పుడే, పక్కన చక్రాలు కొంటున్న ఒక కండల వీరుడి వైపు తిరిగి, “మీరూ ఒక జత నడిపి చూడండి. మీ బరువెంత?” అని అడిగిందామె. అతను ఛాతీ విరిచి, “ఎనభై ఆరు!” అన్నాడు. ఆమె తలూపి ఇటు తిరిగింది.

“మీదెంత?”

యాభై నాలుగు. నోటిదాకా వచ్చింది. కానీ ఎనభై ఆరు పక్కనే నిలబడి ఉంది.

“డెబ్బై రెండు.”

మందపాటి జాకెట్టు, దాని జేబుల నిండా పానాలు, భుజాన పనిముట్ల సంచి. అబద్ధానికి కావలసిన హంగులన్నీ ఉన్నాయి. అయినా ఇందులో తప్పేముంది? పదిమంది ఎక్కే లిఫ్టుకి ఇంకా ఎక్కువమందిని లెక్కేసుకునే తాళ్ళు వేస్తారు. బరువు ఎక్కువ చెప్తే గట్టి సామానిస్తారు, అంతేగా! అని తన అబద్ధానికి తనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాడు.

మర్నాడు సందు మలుపులో అతను ఎడమ పక్కకి ఒరిగాడు. బోర్డు మాత్రం ‘నువ్వెళ్ళు, నేనిటే’ అన్నట్టు తిన్నగా పోయి ఒక పూలకుండీని గుద్దింది. ఆ తర్వాత ఒక గేటుని, ఆ తర్వాత ఇంకో పూలకుండీని.

సాయంత్రం షాపుకెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. “తిరగడం లేదండీ. మొండికేస్తోంది.”

ఆమె ముఖం చిన్నబోయింది. వెంటనే ట్రక్ విప్పి, బల్ల మీద పెట్టి, ఒక మూల ఆకురాయితో అరగదీసింది. ఇద్దరూ టీ తాగారు. వాన మొదలైంది. వాన తగ్గాక వెళ్ళమందామె. తగ్గిందని ఆమె రెండుసార్లు చెప్తేగానీ అతనికి తగ్గినట్టు తెలియలేదు.

తర్వాత కూడా ట్రక్ తిరగలేదు. ఆమె అచ్చులో కోణం మార్చి కొత్తది పోయించింది. అదీ తిరగలేదు. ఇంకోటి పోయించింది. ఊహూఁ. తనకిచ్చిన వస్తువు పనిచేయనందుకు ఇంత సంతోషపడ్డ మనిషి ఈ భూమ్మీద ఇంకొకడు ఉండడు. ప్రతి పూలకుండీకీ ఒక సాయంత్రం, ప్రతి సాయంత్రానికీ ఒక టీ.

“రోజూ పడి వస్తున్నావు. రోజూ నవ్వుతూ వస్తున్నావు. తలకి కూడా తగిలిందేమిట్రా?” అంది అక్క.

“తగల్లేదే!”

“తగిలింది. నాకు కనిపిస్తోందిగా.”

కంపెనీ ఆయన రావడానికి రెండు రోజుల ముందు అతను వెళ్ళేసరికి షాపు ఖాళీగా ఉంది. వెనక షెడ్డులోంచి మాటలు వినిపిస్తుంటే అటు వెళ్ళాడు. ఆమె కళ్ళు వాచి ఉన్నాయి. చేతిలో ఫోనుంది.

“ఒక్కసారి ఆలోచించవే బంగారం,” అంటున్నాడు వాళ్ళ నాన్న.

“ఆలోచించాను నాన్నా. ఇప్పుడే రావద్దని చెప్పేస్తాను. తిరగని ట్రక్‌ని చూపించి పరువు తీసుకోలేను.”

మెకానిక్ గబగబా ముందుకొచ్చాడు. “అదేమిటండీ! మిగతావాళ్ళు బాగుందన్నారుగా?”

“అందరూ బాగుందనే అన్నారు. నా ముఖం చూసి, మొహమాటానికి అన్నారు. మీరొక్కరే నిజం చెప్పారు. నేను నమ్మేది మిమ్మల్నే.”

“కాదండీ... ఇంకేదైనా కారణం...”

“ఇంకేముంది? ఇరుసుకీ, బోర్డుకి బిగించే పలకకీ మధ్య రబ్బరు బుష్ ఉంటుంది చూశారూ, మనిషి ఒరిగినప్పుడు నలిగేది, అది సరిగ్గా మీ బరువుకి తగినదే వేశాను. తేలిక మనిషికి గట్టి బుష్ వేస్తే నలగదు, బోర్డు తిరగదు. మీకా గొడవ లేదు. మీరు డెబ్బై రెండు. అంటే తప్పు నా అచ్చుదే.”

అతని పై ప్రాణాలు పైనే పోయాయి. బరువు అడిగింది బలం కోసం కాదన్నమాట. గట్టి సామాను కోసం కాదన్నమాట. ఇన్నాళ్ళూ ఈ అమ్మాయి అరగదీసింది ట్రక్‌ని కాదు, తన మీద తనకున్న నమ్మకాన్ని. అతనేమో టీ తాగుతూ కూర్చుని చూశాడు.

ఆమె ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

“ఆపండి! నేను డెబ్బై రెండు కాను.”

“మరి?”

మూలన లోహపు దిమ్మల్ని తూచే కాటా ఉంది. అతను పనిముట్ల సంచి దించాడు. జేబుల్లోంచి పానాలు తీసి ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టాడు. జాకెట్టు విప్పాడు, బూట్లు విడిచాడు. చొక్కాలో అతను ఎంత సన్నగా ఉంటాడో అప్పుడు తెలిసింది వాళ్ళకి. తలొంచుకుని వెళ్ళి కాటా ఎక్కాడు.

వాళ్ళ నాన్న కళ్ళజోడు సవరించుకుని వంగి చూశాడు. “యాభై నాలుగు,” అన్నాడు. అని, నవ్వు ఆపుకోలేక అటు తిరిగిపోయాడు.

ఆమె నవ్వలేదు.

“రెండుసార్లు అచ్చు మార్చాను. రాత్రిళ్ళు నిద్రపోలేదు. ఎందుకు చెప్పారు అబద్ధం?”

“అడిగింది మీరు కాబట్టి. ఇంకెవరు అడిగినా యాభై నాలుగే చెప్పేవాణ్ణి.”

ఆ మాట అర్థం కావడానికి ఆమెకి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఏం చెయ్యాలో తోచక, బల్ల మీదున్న బోర్డు లాక్కుని గబగబా బుష్‌లు విప్పేసింది. మొట్టమొదటి అచ్చులో పోసిన జత తీసి, మెత్తని బుష్‌లు వేసి బిగించి, బోర్డు అతని చేతిలో పెట్టింది.

“నడపండి.”

షాపు ముందు వాలు వీధిలో అతను ఎడమకి ఒరిగాడు. బోర్డు ఎడమకి తిరిగింది. కుడికి ఒరిగాడు, కుడికి తిరిగింది. వాలు కిందిదాకా పాములా మెలికలు తిరుగుతూ వెళ్ళి, బోర్డు చంకన పెట్టుకుని రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు. “ఎంత బాగుందండీ! తలచుకుంటే చాలు, తిరిగిపోతోంది!”

ఆమె చీకట్లో ముఖం పక్కకి తిప్పుకుంది. కళ్ళు తుడుచుకుందని అతనికి తెలుసు.

“ఎల్లుండి రండి. తేలిక మనుషులూ నడపగలరని ఆయనకి చూపించాలి. ట్రక్ కోసం రమ్మంటున్నాను. మీ మీద కోపం అలాగే ఉంది.”

ఆ రోజు పొద్దున్నించీ ముసురు. కంపెనీ ఆయన గొడుగు మూసుకుంటూ వచ్చాడు. మాటల్లో పొదుపు, చూపుల్లో లెక్క. ట్రక్‌ని ఊపాడు, ఇరుసు చూశాడు, ఒకదాన్ని నిలువునా కోయించి లోపల బొక్కలున్నాయేమో వెతికాడు. లేవు. కండల వీరుడు నడిపి చూపించాడు. మన మెకానిక్ నడిపి చూపించాడు. తడి రోడ్డు మీద ఇద్దరికీ ట్రక్ చెప్పినట్టు విన్నది.

“ఎలా ఉంది?” అని కండల వీరుణ్ణి అడిగాడాయన.

“అదరగొట్టేసింది సార్! వంక పెట్టడానికి లేదు!”

“మీకు?”

మెకానిక్ ఆమె వైపు చూశాడు. ఆమె ఊపిరి బిగబట్టుకుని చూస్తోంది. ‘అద్భుతం’ అంటే ఒక్క మాట. ఆ ఒక్క మాటతో అంతా అయిపోతుంది, ఆమె నవ్వుతుంది, కోపం పోతుంది.

“గట్టిది. చక్కగా తిరుగుతోంది. కానీ తడిసినప్పుడు ఎడమకి తిప్పితే కీచుమంటోందండీ.”

వాళ్ళ నాన్న పైకప్పు వైపు చూశాడు. ఆమె కళ్ళతోనే అతన్ని నమిలేసింది.

కంపెనీ ఆయన ట్రక్‌ని నీళ్ళలో ముంచి, ఎడమకి వంచాడు. కీచుమంది.

“అవును. ట్రక్ కొన తిరిగే అడుగు గిన్నె కాస్త బిగుతుగా ఉంది. రవ్వంత మైనం రాస్తే పోతుంది, తర్వాత అచ్చులో సరిచేసుకోవచ్చు.” చెయ్యి తుడుచుకుంటూ మొదటిసారి నవ్వాడు. “నేను ఎన్నో షాపులు తిరిగానమ్మా. ట్రక్‌లు చూపించేటప్పుడు అందరూ పొగిడేవాళ్ళనే తెచ్చి నిలబెడతారు. తప్పు ఎత్తిచూపే మనిషిని పెట్టుకున్నది నువ్వొక్కదానివే. అలాంటి చోట చేసిన సామాను మీద నా బోర్డులు నిశ్చింతగా నిలబెడతాను. మొదలుపెట్టేయండి.”

వాళ్ళ నాన్న గబుక్కున కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆమె అక్కడే ఒక స్టూలు మీద కూలబడింది, నవ్వుతోందో ఏడుస్తోందో తనకే తెలియకుండా.

కంపెనీ ఆయన గొడుగు తీసుకుంటూ మెకానిక్‌ని ఎగాదిగా చూశాడు. “ఇంతకీ ఈయనెవరు? జీతానికి పనిచేసేవాళ్ళు ఇంత ధైర్యంగా మాట్లాడరే! బయటివాళ్ళకి ఇంత పట్టింపూ ఉండదు.”

మెకానిక్ నోరు తెరిచాడు. లిఫ్టులు బాగుచేస్తానండీ, ఊరికే సరదాగా వస్తుంటానండీ అని చెప్పబోయాడు. వాళ్ళ నాన్న కూతురి వైపు చూశాడు, నువ్వే చెప్పు అన్నట్టు.

ఆమె స్టూలు మీంచి లేచి వచ్చి, తడిసి ముద్దైన అతని పక్కన నిలబడింది.

“మావాడేనండీ,” అంది.