తొంభై ఆరు మార్కుల మంచం

శుక్రవారం మధ్యాహ్నం 3:40. గిద్దలూరు.

గుడ్ ఫ్రైడే ఆరాధన ముగించుకుని ఏబేలు ఇంటికొచ్చేసరికి అక్క జ్ఞానమ్మ మంచం మీద చనిపోయి ఉంది.

దిండు చెమటకు తడిసి ఆరింది. గ్లాసు నిండా నీళ్లు అలాగే ఉన్నాయి.

ముప్పై ఏళ్లు ఊళ్లో పాఠాలు చెప్పిన టీచరమ్మ ఆమె. రెండేళ్ల కింద పక్షవాతం వచ్చి కుడిపక్కనూ, మాటనూ తీసుకుపోయింది. షుగరు ముందునుంచే ఉంది. అందుకే తమ్ముడు హోమ్ కేర్ వాళ్లను పెట్టాడు.

తలగడ పైన గోడకు లామినేషన్ బోర్డు మెరుస్తోంది. ‘అనురాగధార హోమ్ కేర్. మీ అమ్మ మాకూ అమ్మే.’

అది చదవగానే, ఏబేలు కబురుతో వచ్చిన ఎస్సై సుధారాణికి ఒళ్లు మండింది. గోడమీద ప్రేమ ఇంత పెద్ద అక్షరాల్లో ఉంటే మంచం కింద దుమ్ము ఉండి తీరాలి. వంగి చూసింది. వేలెడు మందాన ఉంది.

శనివారం ఉదయం 10:15.

పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్ తొలి మాట ఫోన్లో చెప్పేశాడు. కడుపు ఖాళీ. పొట్టమీద కొత్త సూది గుర్తు. ఇన్సులిన్ పడింది, తిండి పడలేదు. షుగరు పడిపోయి ప్రాణం పోయి ఉండాలి.

సుధారాణి ముగ్గురినీ అదే గదిలో కూర్చోబెట్టింది. సాయంత్రంలోగా కేసు ఒకరి మీద కట్టాలి. ఇప్పటికి కంప్లయింట్‌లో ఉన్నది ఒక్కటే పేరు, రెబెకా. వయసు ఇరవై రెండు. పుల్లలచెరువు పక్క పల్లె పిల్ల. జ్ఞానమ్మను చూసుకునే అటెండెంట్. ఒళ్లో బైబిల్ పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది.

కంప్లయింట్ ఇచ్చింది ఏజెన్సీ ఓనరు కోటేశ్వరరావు. ఇస్త్రీ మడత నలగలేదు. జేబుకు బ్యాడ్జి. చంకలో నీలం ఫైలు. శవం లేచిన మంచం పక్కన కూర్చుని ఫైలు అట్ట మీది దుమ్ము తుడుచుకుంటున్నాడు.

“నిన్న మాకు క్వాలిటీ అసెస్‌మెంట్ మేడం. హైదరాబాదు నుంచి రేటింగ్ టీమ్ మార్కాపురం ఆఫీసుకొచ్చినారు. ఈ పిల్ల పొద్దున ఇక్కడ సూదేసి, చార్టులో రోజంతటికీ ముందే టిక్కులు కొట్టి, చెప్పకుండా ఆఫీసుకొచ్చేసింది. ముసలామెను గాలికొదిలేసింది.”

“మీరు వెనక్కి పంపలేదా?”

“చూసుకోలేదు మేడం. టీమ్ హడావుడిలో ఉన్నా. పొగరు పిల్ల. రేటింగొచ్చిన సంతోషంలో ఒంటిగంటకు అందరికీ బిర్యానీ తెప్పిస్తే ముట్టను గూడ ముట్టలేదు.”

సుధారాణి ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకుంది. ఇంత చిన్న మాట కూడా రాసుకుంటుందేమని అతనికి నవ్వొచ్చింది.

“నువ్వు చెప్పమ్మా.”

“సారే రమ్మన్నాడు మేడం,” అంది రెబెకా. “యూనిఫాంలో బాగా మాట్లాడేవాళ్లు కావాలంట. బస్టాండుకొచ్చి తాళంచెవి తీసుకున్నాడు. వేరే మనిషిని పెడతా పో అన్నాడు. పెట్టినారా అని మూడుసార్లు అడిగినా. పెట్టినాలే, నోర్మూసుకో అన్నాడు. నేను సూది వెయ్యలే. వెయ్యగూడదని పలక మీద రాసి మంచం కాడ తగిలించినా.”

“ఏ పలక? ఎక్కడుంది?” కోటేశ్వరరావు గదంతా చెయ్యి తిప్పి చూపించాడు. “కథలు మేడం. వీళ్లందరూ ఇంతే. చదువుండదు, నీతుండదు, నోరు మాత్రం ఉంటది.”

రెబెకా బైబిల్ తెరిచి నలిగిన కాగితం ఇచ్చింది. ఆడవాళ్లకు బస్సులో ఊరికే ఇచ్చే జీరో టికెట్. గిద్దలూరు నుంచి మార్కాపురం. శుక్రవారం తేదీ, టైము 7:22.

“దాని మీద పేరుండదు గదా మేడం. బస్టాండులో ఏరుకుంటే వంద దొరుకుతాయి.”

నిజమే. అక్కడిదాకా బుర్ర ఉంది వాడికి.

సుధారాణి బల్లమీది షుగర్ మిషన్ అందుకుని మెమరీ నొక్కింది. ఆఖరి రీడింగ్ శుక్రవారం 8:06.

“ఎనిమిది దాటాక ఎవరో ఈ మంచం దగ్గర ఉన్నారు. ఏబేలు గారూ, మీరు?”

“నేను ఏడుకే చర్చికి పోయినా మేడం. కుర్చీలూ, మైకూ చూసుకోవాల గదా.” ఏబేలు తల వంచుకున్నాడు. “పోయేముందు అక్క గదిలోకి తొంగి చూళ్లేదు. ఏజెన్సీ ఉందిలే అనుకున్నా.”

అతని మీదా ఆమెకు జాలి కలగలేదు. సొంత అక్కను బోర్డుకు అప్పజెప్పి దేవుడి మైకు సర్దడానికి పోయిన మనిషి.

“సరే. కోటేశ్వరరావు గారూ, మీ ఫైల్లో ఉన్న ఆ చార్టు ఒకసారి గట్టిగా చదవండి.”

అతను గొంతు సవరించుకున్నాడు. రేటింగ్ టీమ్ ముందు చదివినట్టే చదివాడు.

“ఉదయం 8:05, షుగర్ టెస్టు, ఇన్సులిన్. 8:15, ఇడ్లీ రెండు. 10:00, మజ్జిగ. 12:30, మెత్తటి అన్నం, పప్పు. 2:00, పండ్లరసం. అన్నిటికీ టిక్కులున్నాయి మేడం. కింద ‘ఆర్’ అని రెబెకా పొడి సంతకం.”

ఏబేలు తల పైకెత్తాడు.

“ఏంది? ఇడ్లీలా? గుడ్ ఫ్రైడే నాడు మా అక్కకా? నలభై ఏళ్ల నుంచి ఆ రోజు సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన అయ్యేదాకా, మూడు గంటలదాకా, మంచినీళ్లు గూడ తాగదు. మంచాన పడినాక గూడ పళ్లు బిగబట్టుకునేది. నేనే బతిమాలి ఓడిపోయినా.”

“ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?”

“రెబెకాకు తెలుసు. ఆ పిల్లా ఉపవాసమే గదా.”

సుధారాణి కోటేశ్వరరావు వైపు తిరిగింది.

“బిర్యానీ ఎందుకు ముట్టలేదో ఆ పిల్లను అడిగావా? అడగవు. నీకది పొగరు. తనే పచ్చి మంచినీళ్లు ముట్టని రోజు, తనలాగే ఉపవాసమున్న మనిషికి ఇడ్లీలూ మజ్జిగా పెట్టినట్టు ఆ పిల్ల దొంగ టిక్కులు కొట్టదు. అబద్ధం రాయాలన్నా మూడు తర్వాత తిన్నట్టు రాస్తుంది. ఈ చార్టు రాసినవాడికి గుడ్ ఫ్రైడే అంటే క్యాలెండర్లో ఎర్ర అంకె అని మాత్రమే తెలుసు.”

“నేను మార్కాపురంలో...”

“ఎన్నింటికి చేరావు?”

కోటేశ్వరరావు చార్టును మళ్లీ ఫైల్లోకి దూర్చాడు.

“టికెట్ 7:22. మిషన్ 8:06. అప్పటికి ఆ పిల్ల బస్సులో ఉంది. తాళంచెవి నీ జేబులో ఉంది. ఫోన్ తియ్యి.”

గ్యాలరీలో ఉంది. శుక్రవారం 8:07. షుగర్ మిషన్ ఫోటో. దాని వెనక దుప్పటి మీద జ్ఞానమ్మ ఎడమచెయ్యి, వద్దన్నట్టు అడ్డంగా చాపి ఉంది.

కోటేశ్వరరావు ఇస్త్రీ చొక్కా చంకల కింద తడిసింది.

“చంపాలని కాదు మేడం. సూది టైముకు పడినట్టు ఫోటో పంపాల. దానికే పది మార్కులు. వేరే మనిషి దొరకలే. నేనే వేసినా. పక్కింటోళ్లకు చెప్పి తినిపిద్దామనుకున్నా, టైమైపోతాందని...”

“టిక్కులు మాత్రం తినిపించావు.”

సుధారాణి మంచం దగ్గరికి నడిచింది. బోర్డు మేకు మీద సరిగ్గా ఆనడం లేదు. వెనక ఏదో ఉబ్బెత్తుగా ఉంది. బోర్డు ఎత్తి కింద పడేసింది.

అదే మేకుకు పలక వేలాడుతోంది. మొహం గోడవైపు తిప్పి ఉంది. మార్కాపురం రాతి పలక, చెక్క చట్రం. తిప్పి చూసింది.

‘శుక్రవారం ఉపవాసం. సాయంత్రం తిన్నాకనే సూది. డాక్టరు గారు చెప్పినారు. రెబెకా.’

“చదివావా?”

“లేదు మేడం. ఫోటోలో బాగుండదని తిప్పి, పైన బోర్డు తగిలించినా.” ఆ తర్వాత అన్నాడు, నిజంగానే తప్పేమిటో అర్థంకానివాడిలా. “పలకకు మార్కులుండవు గదా మేడం.”

సుధారాణికి కొట్టాలనిపించింది. చెయ్యి పాడుచేసుకోవడం ఇష్టంలేక ఫైలు లాక్కుంది. అన్నిటికన్నా పైన సర్టిఫికెట్ ఉంది. శుక్రవారం 12:40కి ఇచ్చారు. శాంపిల్‌గా చూసిన ఫైలు, జ్ఞానమ్మది. నాణ్యత, వందకు తొంభై ఆరు. ఆ మార్కులు వేసినవాళ్లు మార్కాపురం కుర్చీల్లోంచి లేవలేదు. వాళ్లు కూడుతున్నంతసేపూ ఇక్కడ మంచం మీద ఆ మనిషి నోరు పెగలక ఒక్కతే పోతూ ఉంది.

“వీణ్ణి జీపెక్కించండి,” అంది బయట ఉన్న కానిస్టేబుల్‌తో. “ఆ సర్టిఫికెట్ కూడా సీజ్ చెయ్యండి. ఆ మార్కులేసినవాళ్లను నేనే పిలిపిస్తాను.”

జీపు కదిలింది. సుధారాణి పలకను జాగ్రత్తగా కవర్లో పెడుతుంటే రెబెకా దగ్గరికొచ్చింది.

“మేడం, కోర్టు పనైపోయినాక ఆ పలక నాకిప్పిస్తారా?”

“ఎందుకమ్మా?”

“అది టీచరమ్మది. మాట పోయినాక ఎడమచేత్తో దాని మీదనే నాకు ఇంగ్లీషు నేర్పింది. నిన్న నేను పోతాంటే నా చెయ్యి పట్టుకుని వదల్లే మేడం.” ఆ పిల్ల తన మణికట్టు చూసుకుంది. “నేనే విడిపించుకుని పోయినా.”